ట్రాక్టర్ స్టార్ట్ అవుతుంది, మూడు నిమిషాలకే ఆగిపోతుంది: పంపు విప్పించాలా, మామను నిలదీయాలా?

నార్పల దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, పక్కన మూడెకరాల్లో వేరుశనగ. చీనీ చెట్ల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగదని, మొన్న మాఘమాసంలో భార్యకు చిన్నాన్న వరుసైన ఆయన దగ్గర మూడు సిలిండర్ల మినీ ట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. సగానికి పైగా డబ్బు అప్పుడే ఇచ్చారు, ఇంకా 60 వేలు బాకీ, వినాయక చవితికి ఇస్తానని మాట. తెచ్చాక నెల రోజులు రోటవేటర్ కట్టి తోటంతా తిప్పారు, ఏ పేచీ లేదు. తర్వాత ఎండాకాలమంతా కొట్టంలో నిలబెట్టేశారు. తొలకరి పడ్డాక బయటికి తీస్తే, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుందట, రెండు మూడు నిమిషాలు బాగానే తిరిగి, తర్వాత శబ్దం ఎక్కుతూ దిగుతూ ఆగిపోతుందట. వెంటనే సెల్ఫ్ కొడితే పలకదు. ఓ గంట వదిలేస్తే మళ్ళీ స్టార్ట్, మళ్ళీ అదే కథ.

ఊళ్ళో మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చి, పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసి వెళ్ళాడు. ఆ పూట కాస్త ఎక్కువసేపు తిరిగింది, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఆయన "పంపు పోయింది, విప్పి అనంతపురం పంపాలి, పదిహేను ఇరవై వేలు పెట్టుకోండి" అంటున్నాడు. మీ అమ్మగారేమో "తెలిసే అంటగట్టాడు, బాకీలో ఒక్క రూపాయి ఇవ్వొద్దు" అంటున్నారు. మీ ఆవిడ "మా చిన్నాన్న అట్లాంటి మనిషి కాదు" అని అలిగారు. ఆ మామగారు ఫోన్లో "నా దగ్గరున్నన్నాళ్ళు ఒక్కరోజు మొరాయించలేదు, నువ్వే ఏదో చేసుకున్నావు" అని పెట్టేశారు. పంపు విప్పించాలా, బండి వెనక్కిచ్చేయాలా, పెద్దమనుషుల్లో పెట్టాలా అని మీరు అడిగారు.

మీరు రాసిన మూడు దారులూ ఒకే మాటను నమ్ముకుని రాసినవి, పంపు, అంటే నాజిళ్ళకు డీజిల్‌ని ఒత్తిడితో కొట్టే పెద్ద పంపు, పోయిందని. ఆ మాట ఇంకా ఎవరూ తేల్చలేదు. ఫిల్టర్ మార్చాడు, ఎయిర్ తీశాడు, తగ్గలేదు, కాబట్టి పంపు అన్నాడు. మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు, రోజుకు పది ఊళ్ళు తిరిగే మనిషికి మీ కొట్టంలో రెండు గంటలు కూర్చునే తీరిక ఉండదు. మీకుంది. పంపు విప్పే ముందు డీజిల్ ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అని చూడాలి. అది తెలిస్తే ఇంట్లో గొడవ కూడా సగం దానంతటదే సర్దుకుంటుంది, ఎందుకంటే ఈ జబ్బు మామగారి దగ్గర పుట్టిందా, మీ కొట్టంలో పుట్టిందా అన్నది దానిమీదే ఆధారపడి ఉంది.

ముందు మీ ఉత్తరంలో మీరే రాసిన సంగతులు చూడండి. సెల్ఫ్ కొట్టగానే పట్టుకుంటోంది అన్నారు. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు లేదు, నిప్పు లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. కంప్రెషన్ పోయిన ఇంజన్ ఇంత తేలిగ్గా అందుకోదు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు పూర్తిగా చెడినా, పంపు పూర్తిగా అరిగినా స్టార్టింగ్ దగ్గరే ఏడిపిస్తుంది, తెల్ల పొగ కక్కుతుంది. ఆగిపోయేటప్పుడు పొగేమీ లేదని కూడా మీరు రాశారు. నల్ల పొగ వస్తే గాలి చాలట్లేదని, ఎయిర్ ఫిల్టరో సైలెన్సరో మూసుకుపోయిందని అనుకోవచ్చు. పొగే లేకుండా శబ్దం ఎక్కుతూ దిగుతూ ఆగిందంటే మాత్రం డీజిల్ అందట్లేదనే ఎక్కువ అనుమానం. తాళం చెవి తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే నేను వైర్ల వైపు, కరెంటుతో డీజిల్ ఆపే సోలినాయిడ్ వైపు చూడమనేవాణ్ణి. మీది అట్లా లేదు.

మరి మూడు నిమిషాలు ఎలా తిరుగుతోంది? ఫిల్టర్ గిన్నెలో, పైపుల్లో, పంపు లోపల కొంత డీజిల్ నిలవ ఉంటుంది. ఇంత చిన్న ఇంజన్ ఊరికే తిరుగుతుంటే గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు మధ్యే తాగుతుంది, అంటే మూడు నిమిషాలకు పాతిక నుంచి యాభై మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ గ్లాసు కూడా కాదు. ఆ నిలవ అయిపోయేదాకా తిరిగి ఆగిపోతుంది, ఓ గంట వదిలేస్తే మెల్లగా మళ్ళీ ఊరుతుంది. మీరు చెప్పిన కథ దీనికి అతికినట్టు సరిపోతోంది.

ఇక ఉత్తరం చివర్లో మీరు అదేదో చిన్న విషయమన్నట్టు రాసిన వాక్యం ఉంది. "ట్యాంకు మూత సరిగ్గా బిగియట్లేదు, వాన నీళ్ళు పోతాయని మూత మీద ప్లాస్టిక్ కవరు చుట్టి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాను" అని. ఇది చదివి నేను రెండోసారి వెనక్కెళ్ళి చదివాను. డీజిల్ ట్యాంకు లోపలికి గాలి పోవాలి. డీజిల్ ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే ట్యాంకులో గుంజుడు ఏర్పడి, బయటికి వచ్చే డీజిల్‌ని వెనక్కి పట్టి ఉంచుతుంది. చాలా బండ్లకు ఆ గాలి దారి మూతలోనే సన్నటి రంధ్రంగా ఉంటుంది. మీరు దాన్ని కవరు వేసి బిగించి కట్టారు. మెకానిక్ వచ్చినరోజు ఎక్కువసేపు తిరగడానికి కూడా, ఎయిర్ తీసేటప్పుడు డీజిల్ పోయడానికి మూత తీసి ఉంటాడేమో గుర్తు చేసుకోండి. అయితే ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పడం లేదు. పైసా ఖర్చు లేకుండా అన్నిటికన్నా తేలిగ్గా తేల్చుకోగలిగింది ఇదే కాబట్టి ఇక్కడ మొదలుపెట్టమంటున్నాను.

కవరు, ట్యూబు పీకేయండి. మూత పూర్తిగా తీసి పక్కన పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు లాక్ చేసి స్టార్ట్ చేసి అరగంట తిరగనివ్వండి. తిరిగిందా, మీ జబ్బు ఆ మూతే. కొత్త మూత కొనండి, అదే మోడల్‌ది, గాలి రంధ్రం ఉన్నది. ఏదో ఒక మూత సైజుకు సరిపోయింది కదా అని తెస్తే మళ్ళీ ఇదే తిప్పలు. మూత తెరిచినప్పుడు లోపలికి 'సుయ్'మని గాలి పీల్చుకున్న శబ్దం వినిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

మూత తీసినా ఆగిపోతే ట్యాంకు కిందికి రండి. ట్యాంకు నుంచి వచ్చే పైపును ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపు వైపు పంపే చిన్న పంపు) దగ్గర విప్పి, కింద శుభ్రమైన బాటిల్ పెట్టి, ట్యాపు పూర్తిగా తెరవండి. ట్యాంకు ఎత్తులో ఉండే బండి అయితే డీజిల్ ధారగా, తెగకుండా, ఒక నిమిషం పాటు అదే లావున రావాలి. మొదట బాగా వచ్చి, తర్వాత సన్నబడి, చుక్కలు చుక్కలుగా పడితే ట్యాంకు అడుగున చెత్తను ఆపే జాలి మూసుకుపోయినట్టు. ఎండాకాలమంతా సగం ట్యాంకుతో నిలబెట్టారు కాబట్టి ఇది కూడా బలమైన అనుమానమే. పగలు వేడికి, రాత్రి చల్లదనానికి ఖాళీ జాగాలో చెమ్మ పట్టి నీరై కిందికి దిగుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగునే కూర్చుంటుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య జిగురులాంటి బూజు పెరుగుతుంది. ఇంజన్ లాగుతుంటే ఆ చెత్త జాలికి అతుక్కుంటుంది, ఆపి గంటసేపు ఉంచితే వదిలి కిందికి పడుతుంది. మీ "గంట తర్వాత మళ్ళీ స్టార్ట్" దీనికీ సరిపోతుంది, అందుకే మూత ఒక్కటే చూసి ఆగొద్దంటున్నా.

బాటిల్‌లో పట్టిన డీజిల్‌ని ఎండలో పది నిమిషాలు కదపకుండా పెట్టి చూడండి. అడుగున వేరే పొరగా నీళ్ళు నిలిచినా, నల్లటి పీచులు తేలినా మళ్ళీ సెల్ఫ్ జోలికి పోవద్దు. ఎందుకంటే పంపు లోపల భాగాలకు డీజిలే నూనె, వాటి మధ్య సందు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన) ఉంటుంది, నీళ్ళు పోయాయంటే ఇప్పుడు బాగున్న పంపు కూడా నిజంగానే పోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, విప్పి, కడిగి, ఆరబెట్టి, బంకు నుంచి కొత్త డీజిల్ పోయండి. కడగడానికి పీచు ఊడే పాత బనియన్ గుడ్డలు వాడొద్దు, ఆ నూలే రేపు జాలిలో ఇరుక్కుంటుంది. డీజిల్ తెచ్చే క్యాన్ కూడా చూడండి. పురుగు మందు క్యాన్‌ని కడిగి డీజిల్‌కి వాడే అలవాటు మనవైపు ఉంది, అది మాత్రం మానుకోవాల్సిందే.

ధార బాగానే ఉందనుకోండి. అప్పుడు మిగిలింది గాలి లోపలికి దూరడం. ఇక్కడ చాలామంది పొరబడతారు, పైపు ఎక్కడైనా పగిలితే డీజిల్ కారాలి కదా, కారట్లేదు కాబట్టి లీకు లేదని. ఫీడ్ పంపుకు ముందున్న పైపులో డీజిల్‌ని లాగుతారు, నెట్టరు. అక్కడ సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. మీ మెకానిక్ ఫిల్టర్ మార్చాడు కాబట్టి ఆ చోటు కూడా చూడండి. పాత రబ్బరు రింగు తీయకుండా దానిమీదే కొత్తది కూర్చోబెట్టాడా, రింగు మడత పడిందా, బోల్టు కింద రాగి వాషర్ పాతదే మళ్ళీ వేశాడా. రాగి వాషర్ ఒకసారి నలిగితే రెండోసారి సరిగ్గా పట్టదు, చిల్లర డబ్బుల వస్తువు, దానికోసం పంపు విప్పించుకున్న వాళ్ళున్నారు. రబ్బరు పైపు క్లిప్పుల దగ్గర గోటితో నొక్కి చూడండి, ఎండకు బిగుసుకుపోయి సన్నగా చీలి ఉంటుంది. కొట్టంలో ఎలుకలుంటే పైపు మొత్తం వేలితో తడమండి.

సులువైన పరీక్ష ఒకటి చెబుతాను. ఫీడ్ పంపు, ఫిల్టర్ మధ్య ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క క్లిప్పులతో బిగించి స్టార్ట్ చేయండి. బుడగలు కనిపిస్తే గాలి దూరుతున్నట్టే, ఎక్కడ దూరుతోందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళడమే పని. ఇంకో పరీక్ష, ఒక శుభ్రమైన క్యాన్‌లో కొత్త డీజిల్ పోసి, దాన్ని ట్యాంకు కన్నా ఎత్తులో కట్టి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. దానితో గంట తిరిగితే మీ పంపుకు ఏ రోగమూ లేదు, రోగమంతా ట్యాంకు, దాని పైపులు, మూత వరకే. ఈ ఒక్క పరీక్ష మెకానిక్ ముందు చేయించండి, ఆయనకూ నమ్మకం కుదురుతుంది.

ప్రతిసారి విప్పాక ఎయిర్ తీయాలి, ఇది మీరే నేర్చుకోండి. ఫిల్టర్ తల మీద చిన్న స్క్రూ ఉంటుంది, ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి లివర్‌ని బొటనవేలితో ఆడించండి. మొదట నురగ, బుసబుస, తర్వాత నురగ లేని డీజిల్. అది కారుతుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక బిగిస్తే మళ్ళీ గాలి దూరుతుంది. లివర్ కొట్టినా చేతికి పట్టు తగలకపోతే భయపడకండి, లోపల ఆ పంపును ఆడించే కామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది, ఇంజన్‌ని కాస్త తిప్పి మళ్ళీ కొట్టండి. ఎన్ని రకాలుగా చూసినా పట్టే తగలకపోతే ఫీడ్ పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగిందేమో, అది పెద్ద పంపుకన్నా చాలా చవక. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర కూడా అట్లాగే చేయండి. నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం చెయ్యి దగ్గర పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి చీమ కుట్టినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం అది. సెల్ఫ్ పదిహేను సెకన్లకు మించి పట్టుకోవద్దు, మధ్యలో చల్లారనివ్వండి. గాలి దారిలో పెట్రోల్ గుడ్డ పెట్టి స్టార్ట్ చేసే ఊరి విద్య అసలు వద్దు, స్టార్టింగ్‌కి గాలిని వేడిచేసే హీటర్ ఉన్న ఇంజన్‌కి అది బాంబు.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఆపడానికి లాగే వైరు మీ బండికి ఉంటే అది పూర్తిగా లోపలికి తిరిగి వెళ్తోందో లేదో పంపు దగ్గర లివర్ చూసి తేల్చుకోండి, ఎండాకాలం నిలబడితే తుప్పుపట్టి సగంలో ఆగుతుంది. ఎయిర్ ఫిల్టర్ పైపులో మట్టిగూడు కట్టే కందిరీగలు కాపురం పెట్టాయేమో కూడా చూడండి. యూట్యూబ్‌లో విదేశీ వీడియోలు చూసి, మనిషి దిగితే ఇంజన్ ఆపే సీటు కింద స్విచ్, చలికి డీజిల్ గడ్డకట్టడం అని వెతక్కండి. అనంతపురంలో డీజిల్ గడ్డకట్టదు, సీటు స్విచ్ మీ మోడల్‌కి ఉంటేనే దాని మాట.

ఇవన్నీ చూసి, క్యాన్ పరీక్షలో కూడా ఇంజన్ ఆగిపోతే అప్పుడు మెకానిక్ మాట వినండి, పంపు విప్పించండి. అప్పుడైనా కొన్ని షరతులు పెట్టుకోండి. విప్పేముందు పంపు, ఇంజన్ కలిసే చోట టైమింగ్ గీత కనబడేలా గుర్తు పెట్టించండి, మళ్ళీ అదే చోట బిగించడానికి. ముందు పంపులు పరీక్షించే బెంచి మీద పెట్టి చూసి, రీడింగ్ చెప్పాకే విప్పమనండి. మార్చిన పాత సామాన్లు వెనక్కి ఇవ్వాలని ముందే చెప్పండి. మీకు ఇంకో వసతి ఉంది, గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది, ట్రాక్టర్ నడపడం, మెయింటెనెన్స్ మీద రైతులకు శిక్షణ ఇస్తారు. బండి రిపేరుకు తోలుకుపోయే చోటు కాదది, కానీ ఇక ముందు మీరో మీ ఇంట్లో కుర్రాడో ఒకరు నేర్చుకుంటే ప్రతిదానికీ మెకానిక్ చేతిలో పడరు. నార్పల నుంచి అదేమీ దూరం కాదు.

ఇప్పుడు మామగారి సంగతి. మీ అమ్మగారి మాట విని బాకీ ఎగ్గొడితే ఏమవుతుందో ఆలోచించండి. బండి మీ చేతిలోకి వచ్చాక నెల రోజులు రోటవేటర్ లాగింది, ఇది మీరే రాశారు. రోటవేటర్ లాగేటప్పుడు డీజిల్ ఊరికే తిరిగేటప్పటి కన్నా ఎన్నో రెట్లు పోవాలి. అంటే అప్పటికి ట్యాంకు నుంచి పంపు దాకా దారి బాగానే ఉంది. పెద్దమనుషుల్లో పెడితే ఆయన చెప్పే మొదటి మాట ఇదే, మీ దగ్గర జవాబు ఉండదు. పైగా కవరు కట్టింది మీరు.

అట్లాగని "నువ్వే ఏదో చేసుకున్నావు" అని ఫోన్ పెట్టేయడం కూడా పద్ధతి కాదు. మూత బిగియకపోవడం ఎప్పటి నుంచి? బండి తెచ్చిననాడే అట్లా ఉంటే అది ఆయన చెప్పి ఇవ్వాల్సిన లోపం. ట్యాంకు విప్పినప్పుడు లోపల ఏళ్ళ నాటి తుప్పు పొరలు పొరలుగా కనిపిస్తే, అది ఒక్క ఎండాకాలంలో వచ్చేది కాదు. ఫోటో తీసి పెట్టుకోండి, కానీ ముందు పంపొద్దు. ఖర్చు ఎంతో తేలాక మీ ఆవిడతో కలిసి వెళ్ళి, ఇది ఇట్లా ఉంది మామా, సగం నువ్వు వేసుకో అని అడగొచ్చు. ఒప్పుకుంటే బాకీలో తగ్గించుకుంటారు. ఒప్పుకోకపోతే మీకు మిగిలేది రెండే, ట్యాంకు కడిగిన ఖర్చు భరించి బంధుత్వం నిలుపుకోవడం, లేదా ఆ కొంచెం డబ్బు కోసం మీ ఆవిడ పుట్టింటి పెళ్ళిళ్ళకు తలెత్తుకుని వెళ్ళలేకపోవడం. నన్నడిగితే మూతకూ వాషర్లకూ అయ్యే ఖర్చు మీద పంచాయితీ పెట్టను. పంపే పోయిందని బెంచి మీద తేలితే మాత్రం తప్పకుండా అడుగుతాను, ఎందుకంటే పంపు అరగడం అనేది నెలలో జరిగే పని కాదు. కానీ నీళ్ళు పోయి పాడైనట్టు కనిపిస్తే ఆ తప్పు మీ ఎండాకాలానిదే కావొచ్చు, మెకానిక్‌ని ఆ తేడా విడిగా అడగండి.

బండి వెనక్కిచ్చే ఆలోచన చివరికి పెట్టుకోండి. ఇచ్చిన డబ్బు ఆయన ఖర్చు పెట్టేసుకుని ఉంటే తిరిగి రావడానికి ఏడాది పడుతుంది, ఈలోపు మీ తోటకు బండి ఉండదు, ఆయనకు మీ మీద కోపం ఉంటుంది.

మీరు ఉత్తరంలో ఎక్కడా ఆర్‌సి (బండి రిజిస్ట్రేషన్ కాగితం) మాట ఎత్తలేదు. అది మీ పేరు మీదికి మారిందా? మారకపోతే 60 వేల మాట కన్నా అదే పెద్దది. పేరు మార్పిడికి ఫామ్ 29 మీద, ఫామ్ 30 మీద ఆయన సంతకం కావాలి, బండి మీద ఫైనాన్స్ ఏదైనా ఉంటే అది తీరినట్టు కాగితం కావాలి. చట్టప్రకారం కొన్నవాళ్ళు 30 రోజుల్లోపే ఆర్‌టీఓ ఆఫీసుకు తెలియజేయాలి, మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆయనతో మాట తెగిపోయాక సంతకాల కోసం తిరగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. చవితికి డబ్బు ఇచ్చేటప్పుడు సంతకాలు కూడా ఆ రోజే అని ఇప్పుడే మాట అనుకోండి, డబ్బు మీ దగ్గరున్నప్పుడే ఆ మాటకు బరువుంటుంది.

ఈలోగా వేరుశనగలో కలుపు, చీనీకి మందు ఆగవు కదా. ఈ వారానికి పక్కవాళ్ళ బండిని బాడుగకు పిలవండి, లేదా పాత పద్ధతిలో ఎద్దుల గుంటక తోలించండి. పని ఆగిపోతుందన్న టెన్షన్‌లోనే పంపు విప్పించేస్తారు జనం. ఒక ఉదయం మూత తీసి, బాటిల్ పట్టుకుని, పారదర్శక పైపు ముక్క కొనుక్కుని మొదలుపెట్టండి. ఏ మెట్టు దగ్గర ఏం కనిపించిందో రాసి పంపితే ఆ పైన చూద్దాం, వీలైతే బాటిల్ ఫోటో కూడా పెట్టండి.